ఈ వారం సమస్య: పదియునేడింటిఁ గెలిచెను పదియునారు

నిర్వాహకుడు:
లైను పైనే ఉంది, అది పద్యంలో చివరి పాదం; ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. విషయం ఐర్లండ్ ఆటలు: గేలిక్ ఫుట్‌బాల్, రగ్బీ, బాక్సింగ్. పరీక్ష మార్కులు, పేకాట, పదహారేళ్ల పడుచు, ఇవేవీ పనికిరావు. పదిహేడు మీద పదహారు ఎలా గెలిచిందో అక్కడి మైదానంలోనే చూపించాలి. అరసున్నను (ఁ) ఎవరూ మింగొద్దు.

గణపాఠి:

ఐదవది కోరు కెర్రీకి నడ్డుపడుచు
దిగెను డార్బీ, చివరలోనఁ దెచ్చె గోలు
మూడు పాయింట్ల విలువతో ముడుపు చెల్లఁ
పదియునేడింటిఁ గెలిచెను పదియునారు.

1982 సెప్టెంబరు, ఐర్లండ్ కౌంటీల గేలిక్ ఫుట్‌బాల్ ఫైనల్. అంతకుముందు వరసగా నాలుగేళ్లు కెర్రీదే కప్పు. ఆఫలి 1-15, కెర్రీ 0-17 (ముందు గోళ్లు, తర్వాత పాయింట్లు). బంతి గెలుపు గీతలు దాటింది ఆఫలికి పదహారుసార్లు, కెర్రీకి పదిహేడుసార్లు. కానీ గోలుకు మూడు, బారు మీదుగా పోతే ఒకటి. పద్దెనిమిది, పదిహేడు. సమస్య దీని కోసమే పుట్టింది. మిగతావాళ్లు ఇక పడుకోవచ్చు.

అరసున్న:
పడుకునే ముందు ఒక్క మాట గణపాఠిగారూ. ‘చెల్లఁ’ అని అరసున్న పెట్టి మరీ ద్రుతాన్ని, అంటే చివరి నకారాన్ని, చూపించారు. ద్రుతం మీద పరుషం (క చ ట త ప) వస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ‘చెల్లఁ బదియు’ కావాలి. అప్పుడు సమస్యలో మొదటి అక్షరమే మారిపోతుంది. ఇచ్చిన పాదాన్ని ముట్టుకునే హక్కు మనకు లేదు.

గణపాఠి:
పాదాంతంలో విరామం ఉంది.

అరసున్న:
విరామం వాక్యం ముగిస్తే ఉంటుంది. ‘చెల్ల’ దగ్గర వాక్యం ఇంకా నడుస్తూనే ఉంది.

గణపాఠి:
సరే. ‘ముడుపు గట్టి’ అని మారుస్తున్నాను. కళాంతం, ద్రుతమే లేదు. సంతోషమా?

అరసున్న:
ముడుపు కట్టింది డార్బీ, గెలిచింది పదహారు. ‘కట్టి’ లాంటి క్త్వార్థానికీ, దాని తర్వాతి క్రియకూ కర్త ఒక్కడే ఉండాలి. సంతోషం వాయిదా.

తేటగీతమ్మ:
ఇద్దరూ ఆగండి బాబూ. ‘మూడు పాయింట్లు గలదది, ముడుపు మూట!’ అంటే వాక్యం అక్కడికి తెగిపోతుంది. ద్రుతం లేదు, కర్త గొడవ లేదు, మీ ముడుపూ మీకే మిగులుతుంది.

గణపాఠి:
అమ్మా, తీసుకున్నాను. అరసున్నగారి దగ్గర కాదు, మీ దగ్గర.

షానన్ తీరం:
మొదటి పాదంలో ఐకారానికి యతి (పాదం మొదటి అక్షరానికి జోడు) ‘న’తో వేసినట్టు కనబడుతోంది?

తేటగీతమ్మ:
కెర్రీకిన్ + అడ్డు. యతి అచ్చుకు. ఐ, అ చెల్లుతాయి. అందులో తప్పు లేదు. నాకు ఆ పద్యంలో నచ్చింది ‘చివరలోన’. రెండు నిమిషాల ఆట ఉందనగా, కెర్రీ 0-17, ఆఫలి 0-15 మీద ఉండగా తన జట్టు కానర్ వేసిన పొడుగు బంతిని సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన డార్బీ పైకెగిరి పట్టి కొట్టాడు. ఒక పాయింటు వస్తే సరిపోదు, గోలే కావాలి. ‘తెచ్చె’ అనడం బాగుంది. కొనుక్కొచ్చినట్టు.

షానన్ తీరం:
తెచ్చె కాదు, తోసె. తనను కాపు కాస్తున్న డోయల్ వీపు మీద చెయ్యి పెట్టాడని కెర్రీవాళ్లు ఇప్పటికీ అంటారు.

గణపాఠి:
రెఫరీ ఈల ఊదలేదు. పద్యంలోనూ ఊదను. అసలు అంతకుముందు కెర్రీ షీహీ పెనాల్టీని ఆఫలి గోల్‌కీపర్ ఫర్లాంగ్ ఆపకపోయి ఉంటే డార్బీ దిగినా ఒకటే, దిగకపోయినా ఒకటే. అది ఎవరూ చెప్పరు.

అరసున్న:
నా పూరణ. ముందే చెబుతున్నాను, ఇందులో గోలు లేదు, ముడుపులూ లేవు.

నల్లచొక్కాలు పదునైదు, నాట్యమొకటి,
పేరు వేరొండు, ఫోలీనిఁ బిలిచికొనుచు
నెనిమిదై చేరి జట్టెల్ల నెదుట నిలిచి
పదియునేడింటిఁ గెలిచెను పదియునారు.

2016 నవంబరు 5, షికాగో సోల్జర్ ఫీల్డ్. ఆల్ బ్లాక్స్, అంటే న్యూజీలాండ్ రగ్బీ జట్టు, పదిహేనుమంది, ఆటకు ముందు వాళ్లు చేసే హాకా నాట్యం ఒకటి, వరసగా 18 టెస్టులు గెలిచిన పేరు ఒకటి: పదిహేడు. ఇటు ఐర్లండ్ పదిహేనుమంది, మూడు వారాల కిందటే పోయిన వాళ్ల పాత ఆటగాడు ఆంటొనీ ఫోలీ: పదహారు. ఆయన వేసుకున్న జెర్సీ 8. హాకాకు ఎదురుగా జట్టు 8 ఆకారంలో నిలబడింది. 40-29. 1905 నుంచి ఆడుతుంటే, 111 ఏళ్లకు తొలి గెలుపు.

తేటగీతమ్మ:
పోయినవాణ్ణి లెక్కలో కలిపారే! ఇది పూరణ. ‘ఫోలీనిఁ బిలిచికొనుచు’ దగ్గర ‘పి’ని ‘బి’ చేసిన సరళాదేశం కూడా గణపాఠిగారికి వినబడేలా చేశారు.

గణపాఠి:
వినబడింది. ఎత్తుగడ బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ ‘పేరు వేరొండు’ అంటే 18 గెలుపులని మీరు కింద వ్యాఖ్య రాస్తే గాని తెలియలేదు. నా ‘మూడు పాయింట్లు’కు వ్యాఖ్య అక్కర్లేదు. పైగా పదహారో మనిషి అనే మాట ఐర్లండ్‌లోని మన్‌స్టర్ రగ్బీ జట్టు అభిమానులు తమ మైదానం థామండ్ పార్క్‌లో ఎప్పటినుంచో తమకు పెట్టుకున్నదే. ఫోలీ మన్‌స్టర్ మనిషి. అది మీకు కలిసొచ్చింది.

అరసున్న:
కలిసొచ్చింది కాదు, తెలిసే వేశాను. ఇక వ్యాఖ్య సంగతంటారా, డబ్లిన్‌లోని గేలిక్ ఆటల మైదానం క్రోక్ పార్క్ మీద మీరు పోయిన నెల రాసిన పాదం ఇంకా నా కళ్లముందే ఉంది:

తొలుత గడపను ద్రొక్కెను దూర్పు జట్టు

అంటే క్రోక్ పార్క్‌లోకి రగ్బీతో మొదట వచ్చింది ఇంగ్లండ్ అని. దానికి ఎన్ని వ్యాఖ్యలు రాసినా నిజం కాదు. అక్కడ బయటి ఆటలు ఆడనివ్వని 42వ రూలును 2005లో సడలించారు, రగ్బీ మైదానం లాన్స్‌డౌన్ రోడ్డును కూల్చి కట్టడానికి మూసేశాక 2007 ఫిబ్రవరి 11న మొదట ఆడింది ఫ్రాన్స్. ఇంగ్లండ్ ఆ నెల 24న.

గణపాఠి:
‘తూర్పు’కు ఫ్రాన్స్ కూడా తూర్పే.

షానన్ తీరం:
ఆగ్నేయం. నవ్వు ఆపుకోలేకపోతున్నాం గణపాఠిగారూ. ఆ ఫ్రాన్స్ ఆటలో ఐర్లండ్ 17, ఫ్రాన్స్ 20. అంటే మీ పదిహేడు అక్కడా ఓడింది.

గణపాఠి:
ఇంగ్లండ్ ఆటే గుర్తుండిపోయింది, తప్పు నాదే. 1920 నవంబరులో బ్రిటిష్ బలగాలు పద్నాలుగుమందిని కాల్చి చంపిన మైదానంలో ఇంగ్లండ్ గీతం మోగితే ఒక్క కేక లేకుండా నిలబడ్డ జనం, ఆ తర్వాత 43-13. ఐర్లండ్ ఆటగాడు ఓగారా అడ్డంగా తన్నిన బంతిని తోటివాడు హోర్గన్ రెండు చేతులూ చాచి గాల్లో పట్టింది చూడండి, అది రగ్బీ పట్టు కాదు. గేలిక్ ఫుట్‌బాల్ పట్టు. రగ్బీలో ఒంటి మీదికి తెచ్చుకుని పడతారు, గేలిక్‌లో తలపైనే అందుకుంటారు. ఆ మైదానంలో అలా పట్టడం మీద ఒక పద్యం రావాలి. మీరు రాయండి, నేను తప్పులు పడతాను.

తేటగీతమ్మ:
మీ కోట్లాట మధ్య బాక్సింగు ఎవరికీ గుర్తులేదు.

చేతితొడుగులఁ దాకిన చెత్త దెబ్బ
లెన్ని పడినను లెక్కలో నెక్కఁబోవు;
దవడ సూటిగాఁ బగిలిన దదియె లెక్క;
పదియునేడింటిఁ గెలిచెను పదియునారు.

షానన్ తీరం:
మూడో పాదం చదవగానే నా దవడ పట్టుకున్నాను. ‘పగిలినదదియె’ దగ్గర ఆ దకారాలు రెండూ జాబ్ (ముందుచేతి సూటి గుద్దు) వెంట జాబ్ పడ్డట్టున్నాయి.

అరసున్న:
తేటగీతమ్మగారూ, ‘నెక్కఁబోవు’ దగ్గర చిక్కుంది. ‘రాబోవు కాలం’లాగా ఎక్కనున్నవి అనే అర్థమూ వస్తుంది. అప్పుడు చెత్త దెబ్బలన్నీ లెక్కలోకి ఎక్కి కూర్చుంటాయి, పద్యం తిరగబడుతుంది. ‘నెక్కవెపుడు’ అనండి. లెక్క అనే మాట రెండుసార్లు పడింది, అది పునరుక్తి అంటాను గానీ, బాక్సింగు గనుక రెండో దెబ్బ అనుకుని వదిలేస్తాను.

తేటగీతమ్మ:
‘నెక్కవెపుడు’ తీసుకున్నాను. పునరుక్తి మాత్రం ఉంచుతున్నాను. వన్-టూ అంటారు దాన్ని.

గణపాఠి:
విషయంలో ఒక సందేహం. గ్లవ్ ముందుభాగం, పిడికిలి కణుపులున్న చోటు, తలకో బెల్టుకు పైన ఒంటికో ముందునుంచి, పక్కనుంచి తగిలితేనే దెబ్బ. చేతుల మీద ఆపుకున్నది దెబ్బే కాదు. అంతవరకు సరి. కానీ ఇప్పుడు దెబ్బలు కూడి మొత్తం చెప్పరు కదా? రౌండు గెలిచినవాళ్లకు 10, ఓడినవాళ్లకు మామూలుగా 9.

తేటగీతమ్మ:
అందుకే పేరు చెప్పలేదు. ఇది 2012 నాటి పద్యం అనుకోండి. అప్పుడు జడ్జీలు బటన్లు నొక్కే యంత్రం, దెబ్బకో పాయింటు. లండన్ ఒలింపిక్స్ 60 కిలోల ఫైనల్లో ఐర్లండ్ కేటీ టేలర్ 10, రష్యా ఒచిగావా 8. 2013 నుంచి అమెచ్యూర్‌లోనూ 10-9 పద్ధతి వచ్చింది. దాన్నిబట్టి చూసినా నా పద్యం చెల్లుతుంది. 2022 ఏప్రిల్లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కేటీతో తలపడ్డ సెరానో విసిరిన దెబ్బలే ఎక్కువ, ఇద్దరు జడ్జీలు కేటీకి, ఒకరు సెరానోకు ఇచ్చారు. రెండేసి నిమిషాల రౌండ్లు పది. ఏ రౌండుకు ఆ రౌండు తూకం వేస్తారు, ఐదో రౌండులో చావబాదినా పదో రౌండుకు బాకీ ఉండదు.

షానన్ తీరం:
పదిహేడు ఓడటం గురించే మాట్లాడుతున్నారు. గెలిచిన పదిహేడు ఒకటుంది. 2009 మార్చి 21, కార్డిఫ్: ఐర్లండ్ 17, వేల్స్ 15. చివర్లో ఓగారా డ్రాప్ గోలు, తర్వాత స్టీఫెన్ జోన్స్ పెనాల్టీ బారు దాకా రాకుండా దిగిపోయింది. 61 ఏళ్లకు గ్రాండ్ స్లామ్, అంటే ఆ ఏటి టోర్నీలో అన్ని ఆటలూ గెలవడం. ఆ రాత్రే డబ్లిన్‌లో ఐరిష్ బాక్సర్ బెర్నార్డ్ డన్ పదకొండో రౌండులో కొర్డోబాను పడగొట్టి ప్రపంచ బెల్టు తీసుకున్నాడు. ఈ డన్నే 2022లో మన బాక్సింగ్ ఫెడరేషన్‌కు హై పెర్ఫార్మెన్స్ డైరెక్టరుగా వచ్చాడు. మన నిజామాబాద్ నిఖత్ రెండో ప్రపంచ టైటిల్ 2023లో కొట్టింది ఆ రోజుల్లోనే.

నిర్వాహకుడు:
సమాచారం బాగుంది. పద్యమేదీ?

షానన్ తీరం:
పదిహేడు గెలిచింది కదండీ, సమస్యకు ఎదురు.

కొత్తబలపం:
అందరికీ నమస్కారం. మొదటిసారి. తప్పులుంటే చెప్పండి.

చాపరేఖకు నావల సాగి తన్న
రెండు వచ్చును గోలేల, రూలు మారె;
కొత్త జెండా నెత్త నంపైరు కోటువాఁడు
పదియునేడింటిఁ గెలిచెను పదియునారు.

అరసున్న:
తమ్ముడూ, ‘జెండా నెత్త’ దగ్గర జారావు. త్త ముందు ‘నె’ గురువు. మూడూ గురువులై మగణం కూర్చుంది. జెండాను ‘జెండ’ చేసుకో: ‘కొత్త జెండెత్త నంపైరు కోటువాఁడు’.

గణపాఠి:
అరసున్నగారు గణం చూసి యతి వదిలేశారు, పెద్దవారు. రెండో పాదంలో ‘రె’కు ‘రూ’ చెల్లదు. ‘రీతి మారె’ అంటే సరి. మిగతాదంతా ముచ్చటగా ఉంది. గోలు లేకుండా గెలిపించాడు చూడండి. ఈ దారి నాకూ తోచలేదు, ఇంకెవరికీ తోచలేదు.

కొత్తబలపం:
ధన్యవాదాలు గురువుగారూ, రెండూ దిద్దుకున్నాను. గేలిక్ ఫుట్‌బాల్‌లో 2025 లీగు నుంచి గోలు చుట్టూ 40 మీటర్ల చాపం గీస్తున్నారు. దాని బయటనుంచి తన్ని బారు దాటిస్తే రెండు, అంపైరు నారింజ జెండా ఎత్తుతాడు. ఒకటికి తెల్లది, గోలుకు ఆకుపచ్చది.

తేటగీతమ్మ:
లెక్క కూడా సరిచూద్దాం. పదహారు కిక్కుల్లో రెండింటికి నారింజ పడితే పద్నాలుగూ నాలుగూ పద్దెనిమిది. గెలుపు. ఒక్కదానికే పడితే పదిహేడు, డ్రా. కాబట్టి జెండా కనీసం రెండుసార్లు ఎత్తాలి. ‘జెండెత్త’ ఏకవచనం మీద ఇప్పుడే అరసున్నగారు వస్తారు.

అరసున్న:
జెండా ఒకటే, ఎత్తింది రెండుసార్లు. ఏకవచనం సాధువు. నేను రాబోయింది వేరే దానికి. బంతిని రక్షకుడు తన చివరి గీత దాటిస్తే ఎదుటివాళ్లకిచ్చే 45 మీటర్ల కిక్కు చాపం బయటే పెడతారు, అయినా దానికి ఒకటే. తమ్ముడు ‘సాగి తన్న’ అన్నాడు గనుక ఆటలో తన్నినట్టే లెక్క. బతికిపోయాడు.

షానన్ తీరం:
కొత్త రూళ్లలో ఇంకో తిరకాసు. పాత స్కోరు చూస్తే ఎన్నిసార్లు తన్నారో తెలిసేది. 2025 ఫైనల్లో కెర్రీ 1-26, డొనెగల్ 0-19 అంటే ఆ 26లో రెండ్లు ఎన్నో, ఒకట్లు ఎన్నో అంకె చెప్పదు. గణపాఠిగారి డార్బీ పద్యం ఇప్పుడు రాస్తే కుదరదు.

గణపాఠి:
అందుకే 1982లో రాశాను.

షానన్ తీరం:
అంకెల గారడీ అంటే 2016 గేలిక్ ఫుట్‌బాల్ ఫైనల్ చెప్పాలి, సెప్టెంబరు 18. డబ్లిన్ 2-9, మేయో 0-15. డ్రా. అటు పదకొండు, ఇటు పదిహేను. పైగా ఆ రెండు గోళ్లూ మేయోవాళ్లు తమ గోల్లో తామే వేసుకున్నవి. అంటే మేయో బంతిని పదిహేడుసార్లు గీతలు దాటించింది, డబ్లిన్ తొమ్మిదిసార్లు. రీప్లేలో ఒక్క పాయింటుతో మేయో ఓడింది. 1951 తర్వాత వాళ్లకు కప్పే లేదు.

నిర్వాహకుడు:
ఈ వారానికి మెచ్చుకోలు అరసున్నగారి ఫోలీకి. కొత్తబలపం దిద్దిన పద్యాన్ని పక్కనే పెడుతున్నాను. గణపాఠిగారి ‘ముడుపు మూట’ తేటగీతమ్మగారి ఖాతాలో. షానన్ తీరంగారు పద్యం రాయకుండానే వచ్చే వారం సమస్య ఇచ్చేశారు:

పదియునొకటి సమము పదియునైదు

గణపాఠి:
మేయో మీద నేను రాస్తున్నాను, ఎవరూ ముట్టుకోవద్దు.

అరసున్న:
రాయండి. రెండు గోళ్లూ మీరే వేసుకుంటారు, మేం చూస్తూ కూర్చుంటాం.