జర్మనీలోని కొలోన్ కార్నివాల్‌కి (వేషాల పండగకి) మొదటిసారి: వెళ్ళినోళ్ళు అనుభవాలు చెప్పండి

కొత్త_మాస్టర్స్: అందరికీ హాయ్. అక్టోబర్‌లో వచ్చా, ఇదే మొదటి కార్నివాల్. వేషం వేసుకోకపోతే తేడాగా చూస్తారా? సోమవారం ఊరేగింపుకి ఎక్కడ నిలబడాలి? ఆ రోజు సెలవేనా? నేను మందు ముట్టను, అయినా వెళ్ళొచ్చా?

టై_బాధితుడు: అవన్నీ తర్వాత తమ్ముడూ, ముందు కార్నివాల్ గురువారం మెడలో టై ఉండకుండా చూస్కో. ఆ రోజు ఆడవాళ్ళ రాజ్యం, కత్తెర్లు పట్టుకుని తిరుగుతారు. నాకెవడూ చెప్పలేదు, ఇంటర్న్‌షిప్‌లో ప్రెజెంటేషన్ అని మా అన్న పెళ్ళికి కొన్న పట్టు టై కట్టుకెళ్ళా, రిసెప్షన్‌లో ఆవిడ నవ్వుతూ వచ్చి కసుక్కున కోసేసి బుగ్గ మీద ముద్దు పెట్టి వెళ్ళిపోయింది. సగం టైతో ఇరవై నిమిషాలు మాట్లాడా. అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

పాలమూరు_పిల్ల: ముద్దు గురించి చెప్పలేదా టై గురించి చెప్పలేదా అన్నా 😂

గోదారోడు: నాకైతే మంగళవారం రాత్రే నచ్చింది. పండగన్నాళ్ళూ పబ్బు గుమ్మం మీద ఒక గడ్డి బొమ్మ వేలాడుతుంటుంది, నుబ్బెల్ అంటారు. చివరి రాత్రి దాన్ని దించి, డబ్బులన్నీ తగలేసింది ఎవరు, తాగి పడింది ఎవరి వల్ల అని అడుగుతుంటే జనం అంతా నుబ్బెల్ నుబ్బెల్ అని అరుస్తారు, తర్వాత తగలబెట్టేస్తారు. అచ్చం మన భోగి మంటే.

పాలమూరు_పిల్ల: భోగి ఎట్లయితది? భోగిల పాత సామాన్లు, పిడకలు కాలుస్తరు, బొమ్మను కాలుస్తరా? ఇది కాముని దహనం. మా ఊర్ల హోలీ ముందురోజు రాత్రి కాముణ్ణి కాలుస్తం, నెల కూడ దాదాపు అదే.

గోదారోడు: పాతది వదిలించుకోవడం అనే అర్థంలో అన్నానమ్మా. కాముడు ఏం పాపం చేశాడని కాలుస్తారు, శివుడి తపస్సు చెడగొట్టాడని. ఇక్కడ మనం చేసిన వెధవ పనులన్నీ బొమ్మ నెత్తిన రుద్దుతున్నారు, పోలికేంటి?

పాలమూరు_పిల్ల: పిడకల నెత్తిన ఏం రుద్దుతున్నరు మరి మీరు?

టై_బాధితుడు: నరకాసురుడు అనుకుని ఇద్దరూ రాజీ పడండి.

పదేళ్ళ_కొలోన్: పదేళ్ళుగా ఇక్కడున్నవాడిగా చెప్తున్నా, మీరంతా పైపైన చూస్తున్నారు. సీజన్ నవంబర్ 11న 11:11కే మొదలవుతుంది. అసలు చూడాల్సింది యువరాజు, రైతు, కన్య అని పండగకి పెద్దలుగా వేషాలు కట్టే ముగ్గురినీ. కన్య వేషం మగాడిదే, మన కూచిపూడి భాగవతుల సత్యభామ లాగా. 1938, 1939లో నాజీలు పట్టుబట్టి ఆడవాళ్ళతో వేయించారు, తర్వాత మళ్ళీ మామూలే. ఊరేగింపు 1823 నుంచి ఉంది, 2023లో 200 ఏళ్ళని నది అవతలి ఒడ్డున డోయిట్జ్‌లో మొదలెట్టి వంతెన మీదుగా రైన్ నది దాటించారు. నేను ఆ వంతెన పక్కనే ఉన్నా.

డ్యూసెల్‌డార్ఫ్_అల్లుడు: పదేళ్ళున్నా మా డ్యూసెల్‌డార్ఫ్ పండగ కేక హెలావ్ అనడం రాదు మీకు.

పదేళ్ళ_కొలోన్: కొలోన్ నడిబొడ్డున హెలావ్ అని అరిచి చూడండి, తెలుస్తుంది. ఇక్కడి కేక అలాఫ్, అంతే.

డ్యూసెల్‌డార్ఫ్_అల్లుడు: అరిచాను సార్, మొదటి ఏడాది, తెలీక. ముసలాయన ఒకడు నాకిచ్చిన చాక్లెట్ వెనక్కి లాక్కున్నాడు. అందుకే డ్యూసెల్‌డార్ఫ్ వైపు మారిపోయా.

పాలమూరు_పిల్ల: 😂😂 చాక్లెట్ అంటే యాదికొచ్చింది, గొడుగు తీస్కపోండ్రి, ఊరేగింపుల చాక్లెట్లు విసురుతరు, గొడుగు తిప్పి పట్టుకుంటే అండ్లనే పడ్తయి. కామెల్లె (మిఠాయిలు) అని అరవాలె. నాకు వారం రోజులకు సరిపడ దొరికినయి, ఒక పెద్ద డబ్బ ముక్కుకు తగిలి రక్తం కూడ వచ్చింది.

కొత్త_మాస్టర్స్: అక్కా, అన్నా, సెలవు సంగతి? మందు సంగతి?

టై_బాధితుడు: చట్టప్రకారం సెలవు కాదు, కానీ ఊళ్ళో చాలా ఆఫీసులు మూసేస్తారు. నీ క్లాసు సంగతి నీ ప్రొఫెసర్‌నే అడుగు. తాగకపోతే ఎవడూ బలవంతం చేయడు. తాగే ఫ్రెండ్‌తో వెళ్తే మాత్రం వాడికి చెప్పు, ఇక్కడి బీరు కోల్ష్, దాని గ్లాసు 200 మిల్లీలీటర్లే, ఖాళీ అయితే అడక్కుండానే ఇంకోటి పెట్టేస్తారు, చాలనుకుంటే గ్లాసు కింద పెట్టే అట్టముక్క గ్లాసు మీద పెట్టాలి. మా రూమ్మేట్‌కి ఆ అట్ట సంగతి పదమూడో గ్లాసు దగ్గర తెలిసింది.

గోదారోడు: వేషం వేసుకో, వేసుకోకపోతేనే అందరూ నిన్ను చూస్తారు. లోపల రెండు స్వెట్టర్లు పట్టేంత వదులుగా ఉండాలి. నేను పంచె కట్టుకెళ్ళి గంటలో గడ్డకట్టిపోయా, ఫొటోలు మాత్రం అదిరాయి.

పాలమూరు_పిల్ల: భోగి మంట ఏసుకోకపోయినవా 😏

గోదారోడు: మళ్ళీ మొదలెట్టావా

కొత్త_మాస్టర్స్: ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పలేదు...