ఏటి ఈతలో చెమట పడుతుందా? మధ్యలో ఏం తాగాలి?

ప్రశ్న (రాజోలు నుంచి):
నమస్కారమండి. ఈ మే నెలలో తెల్లవారుతూనే గోదావరి వశిష్ఠ పాయలో రెండేసి గంటలు దూరపు ఈత సాధన చేస్తున్నాను. గట్టెక్కేసరికి నాలుక పిడచకట్టుకుపోతోంది, కాటా కిలో తక్కువ చూపిస్తోంది. నీళ్లలో ఉన్నవాడికి చెమట ఎలా పడుతుంది? మధ్యలో కొబ్బరి నీళ్లు తాగితే సరిపోతుందా?

జవాబు (యానాం నుంచి):
నీళ్లలోనూ చెమట పడుతుందండి. ఎప్పటికప్పుడు ఏరే కడిగేస్తుంది కనుక మనకు తెలియదు. గట్టు మీద చెమట ఆవిరై ఒంటిని చల్లారుస్తుంది గానీ, మునిగిన ఒంటి మీద ఆవిరయ్యే వీలు లేదు కనుక, లోపలి వేడి పోవాలంటే ఏటి నీరు చర్మం కంటే తగినంత చల్లగా ఉండి తీరాలి. 2010లో యూఏఈలోని ఫుజైరాలో 10 కిలోమీటర్ల పోటీలో, వెచ్చటి సముద్రంలో ఈదుతూ అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ మరణించాడు. ఇప్పుడు అంతర్జాతీయ పోటీలకు నీటి ఉష్ణోగ్రత 31 డిగ్రీలు దాటకూడదు. అయితే తగ్గిన బరువంతా చెమటే కాదు: నీటి ఒత్తిడికి కాళ్లలోని రక్తం ఛాతీ వైపు చేరడంతో మూత్రం కూడా ఎక్కువగా తయారవుతుంది.

జవాబు (అమలాపురం నుంచి):
ముందు సరిగ్గా తూగండి. ఈతకు ముందూ తరువాతా తడి బట్టలు విప్పి, జుట్టుతో సహా తుడుచుకుని కాటా ఎక్కాలి. 62 కిలోలు 61 అయి, మధ్యలో అర లీటరు తాగి ఉంటే, మూత్రంతో కలిపి పోయింది సుమారు లీటరున్నర. కొబ్బరి నీళ్లలో పొటాషియం మెండు, కానీ చెమటలో ముఖ్యంగా పోయేది సోడియం; కోనసీమవాళ్లం ఒప్పుకోక తప్పదు. ఓఆర్ఎస్ పొట్లాన్ని దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి, వెంట వచ్చే పడవలోంచి వెదురు గడకు తాడుతో సీసా కట్టి, ఇరవై ముప్పై నిమిషాలకోసారి అందించమనండి. వెల్లకిలా తేలుతూ నాలుగు గుక్కలు తాగవచ్చు. రక్తపోటు ఉంటే డాక్టరును అడిగాకే.

జవాబు (నరసాపురం నుంచి):
అతిగా తాగడమూ ప్రమాదమేనండి. ఈత తరువాత బరువు పెరిగిందంటే ఎక్కువ తాగారన్నమాట. రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, మగత వస్తాయి, అప్పుడు మంచినీళ్లు పట్టించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఇంకొక మాట: ఎండాకాలంలో ఆనకట్ట దిగువకు వదిలే నీరు తగ్గి, పోటు సమయంలో సముద్రపు ఉప్పు పాయల్లోకి ఎగదన్నుతుంది. మీ నాలుక పిడచకట్టడానికి నోట్లోకి పోయే ఆ నీరూ కారణం కావచ్చు. పోటు వేళ తప్పించి ఒకసారి ఈది చూడండి.