ఇల్లినాయ్ టీచర్ పెన్షన్‌తో కాలిఫోర్నియా వెళ్తే స్టేట్ టాక్స్ ఎవరికి కట్టాలి?

నేపర్‌విల్ టీచర్:
అందరికీ నమస్కారం. ఇల్లినాయ్‌లో పబ్లిక్ స్కూల్లో 26 ఏళ్ళు మాథ్స్ చెప్పి పోయిన జూన్‌లో రిటైరయ్యాను, వయసు 61. టీఆర్ఎస్, అదే టీచర్స్ రిటైర్మెంట్ సిస్టమ్ నుంచి ఏడాదికి 52 వేల డాలర్ల దాకా వస్తోంది. మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటుంది, రెండో కాన్పు, ఇక ఇక్కడికే వచ్చెయ్యమ్మా అంటోంది, అబ్బాయేమో డాలస్‌లో. పెన్షన్ ఇచ్చేది ఇల్లినాయ్ కాబట్టి ఎక్కడున్నా టాక్స్ దానికే అని ఒకరు, కాదు రెండు స్టేట్లకీ కట్టాలి అని ఇంకొకరు. మావారు పోయాక ఈ లెక్కలన్నీ నేనే చూసుకుంటున్నా, తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

అరోరా సైన్స్ మాస్టారు:
అమ్మా, నేనూ టీఆర్ఎస్ పెన్షనర్‌నే. ఇల్లినాయ్‌లో ఉన్నంత కాలం మన పెన్షన్ మీద స్టేట్ టాక్స్ లేదు. జీతం మీద 4.95 శాతం కట్టాం గానీ పెన్షన్‌కీ, ఫెడరల్ ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌కీ సున్నా, ఫెడరల్ టాక్స్ మాత్రం తప్పదు. అయితే ఆ సున్నా దానంతట అది పడదు. ఇల్లినాయ్ టాక్స్ ఫారం ఐఎల్-1040లో ముందు ఫెడరల్ ఆదాయం మొత్తం దిగుతుంది, అందులో పెన్షన్ కూడా ఉంటుంది, దాన్ని లైన్ 5లో మనమే తీసెయ్యాలి. ఏడాదిలో పెన్షన్ ఎంత ఇచ్చారో చూపిస్తూ జనవరిలో వచ్చే 1099-ఆర్ ఫారంలో బాక్స్ 2ఏ చూడండి, టాక్స్ పడే అంకె అదే. నా మొదటి ఏడాది టాక్స్ చేసిపెట్టినాయన లైన్ 5 ఖాళీగా వదిలేశాడు, నేనూ చూడకుండా సంతకం పెట్టేశా. రెండేళ్ళ తర్వాత కాగితాలు సర్దుతుంటే కంటపడింది, మూడేళ్ళ గడువు దాటలేదు కాబట్టి తప్పు దిద్దే ఫారం ఐఎల్-1040-ఎక్స్ పంపి వెనక్కి తెచ్చుకున్నా. మీ 52 వేల మీద అలా జరిగితే 2,574 డాలర్ల దాకా పోయినట్టే.

ఫ్రీమాంట్ కోడలు:
ఆంటీ, రెండు స్టేట్లకీ కట్టాలన్నది తప్పండి. ఇంకో స్టేట్‌కి మకాం మార్చినవాళ్ళ పెన్షన్ మీద పాత స్టేట్ టాక్స్ వెయ్యకూడదని 1996 నుంచి ఫెడరల్ చట్టమే ఉంది, ఇప్పుడు ఎక్కడ నివాసం ఉంటే ఆ స్టేట్ రూలే. అందుకే మీ విషయంలో ఇది నష్టం, ఇల్లినాయ్ అడగనిది కాలిఫోర్నియా అడుగుతుంది. మా అత్తగారు ఇక్కడే టీచర్‌గా చేశారు, కాల్‌స్టర్స్, అంటే ఇక్కడి టీచర్ల పెన్షన్ సంస్థ, ఇచ్చే పెన్షన్ మీద కూడా కాలిఫోర్నియా టాక్స్ కడతారు, 1 శాతం నుంచి మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఏడాదిలో మొత్తం తొమ్మిది నెలలకి మించి ఇక్కడుంటే రెసిడెంట్ అనే అనుకుంటారు, అలాగని తొమ్మిదిలోపు ఉంటే చాలు అని కాదు, ఇల్లు లైసెన్సు ఓటు ఎక్కడున్నాయో అన్నీ చూస్తారు. వచ్చేస్తే మాత్రం పెన్షన్‌లో స్టేట్ టాక్స్ కట్ అవుతోందో లేదో చూసుకోండి, అవ్వకపోతే ఎస్టిమేటెడ్ టాక్స్, అంటే మనమే లెక్కేసి వాయిదాల్లో ముందే కట్టాలి, ఏప్రిల్‌లో 30 శాతం, జూన్‌లో 40, సెప్టెంబర్‌లో ఏమీ లేదు, జనవరిలో 30. అత్తగారు మొదటి ఏడాది ఆ జూన్ 40 చూసుకోక పెనాల్టీ కట్టారు.

డాలస్ నుంచి:
టెక్సాస్‌లో ఇన్‌కమ్ టాక్సే లేదు మేడమ్, కానీ సొంతిల్లు కొంటే ప్రాపర్టీ టాక్స్ గట్టిగానే ఉంటుంది. 65 నిండాక మనం నివాసముండే సొంతింటికి (హోమ్‌స్టెడ్) ప్రాపర్టీ టాక్స్‌లో స్కూళ్ళకి పోయే భాగం పెరక్కుండా సీలింగ్ పెడతారు, మీకింకా నాలుగేళ్ళుంది. అబ్బాయి దగ్గరే ఉంటే ఆ గొడవ లేదు.

నేపర్‌విల్ టీచర్:
చాలా థాంక్స్ అందరికీ. ఇంకొక్కటి, టీచర్ అవ్వకముందు 11 ఏళ్ళు ప్రైవేట్ కంపెనీలో చేశా, దాని సోషల్ సెక్యూరిటీ టీచర్ పెన్షన్ వల్ల కోసేస్తారని అప్పట్లో చెప్పారు, ఇప్పటికీ అంతేనా?

అరోరా సైన్స్ మాస్టారు:
ఆ కోత పోయిందమ్మా! 2025 జనవరి 5న ఎత్తేస్తూ చట్టం సంతకమైంది. స్కూల్లో ఉన్నన్నాళ్ళూ సోషల్ సెక్యూరిటీ కట్టకుండా జీతంలో సుమారు 9 శాతం టీఆర్ఎస్‌కే కట్టాం కదా, అందుకని కోసేవాళ్ళు. మీ 11 ఏళ్ళది ఇక పూర్తిగా వస్తుంది. సోషల్ సెక్యూరిటీ మీద కాలిఫోర్నియా కూడా టాక్స్ వెయ్యదు. మన పెన్షన్ మాత్రం టియర్ 1 వాళ్ళకి, అంటే 2011కి ముందు చేరినవాళ్ళకి, ఏటా 3 శాతం పెరుగుతుంది, అక్కడికి మారితే దానితోపాటు టాక్సూ పెరుగుతుందని లెక్కలో వేసుకోండి.

నేపర్‌విల్ టీచర్:
ఇప్పుడర్థమైంది మాస్టారూ. కాన్పుకి వెళ్ళి నాలుగు నెలలుండి వస్తా, ఇల్లు అమ్మను. రాత్రి అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను, కాస్త బాధపడింది గానీ అర్థం చేసుకుంది.