సెజాన్ తీరుల పండ్లు వేస్తున్న, నీడలు మురికిగ వస్తున్నయి

హన్మకొండ కుంచె:
ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్ వేసిన ‘బాస్కెట్ ఆఫ్ యాపిల్స్’ బొమ్మ ముందర పెట్టుకొని, 12×16 అంగుళాల కాన్వాసు మీద అక్రిలిక్ రంగులతోని బత్తాయిలు, జామకాయలు వేస్తున్న. నీడకు నలుపు కలిపితే పండు మురిగినట్టు అయితున్నది. బ్రష్‌తోని మెత్తగ కలిపేస్తే ప్లాస్టిక్ బంతి లెక్క కనబడుతున్నది. ఇంకోటి, సెజాన్ వేసిన ఆ బొమ్మల ఉన్న బల్ల ముందటి అంచు ఎడమ దిక్కు ఒక ఎత్తుల, కుడి దిక్కు ఇంకో ఎత్తుల ఉన్నది. నేను గూడ అట్లనే వెయ్యాల్నా?

రంగుల డబ్బా:
ముందుగాల నలుపు ట్యూబు పక్కకు పెట్టు తమ్మీ. పసుపుల నలుపు పడితే పాచి రంగు వస్తది, బత్తాయి చెడేది అక్కడనే. సెజాన్ పండుకు గుండ్రదనం ఎక్కువగ రంగు మార్చుకుంట తెచ్చిండు. వెచ్చటి రంగు (పసుపు, ఎరుపు లాంటిది) ముందుకొస్తది, చల్లటిది (నీలం లాంటిది) వెనక్కి పోతది. బత్తాయికి ఐదు రంగు కుప్పలు కలుపుకో: వెలుగుకు లెమన్ యెల్లోల కొంచెం తెలుపు, తర్వాత ఉత్త లెమన్ యెల్లో, ఆపైన యెల్లో ఓకర్ (మట్టి పసుపు), పండు తిరిగే చోట ఓకర్‌ల సాప్ గ్రీన్, నీడకు అదే ఆకుపచ్చల అల్ట్రామెరైన్ (ముదురు నీలం), చిటికెడు బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు). 6వ నంబరు ఫ్లాట్ బ్రష్‌తోని పొట్టి రంగు పట్టీలు ఒకే వాలుల పక్కపక్కన పెట్టు. పెట్టినంక మళ్ల రుద్దకు. ఎండకాలం ఫ్యాన్ గాలికి కుప్పలు తొందరగ గట్టిపడతయి. స్టీలు పళ్లెంల తడిగుడ్డ పరిచి, మీద బటర్ పేపర్ వేసి దాని మీద కలుపు.

కొత్తవాడ గీతలు:
బల్ల అంచు సెజాన్ కావాలనే అట్ల వేసిండు. నడుమ తెల్లగుడ్డ కప్పింది గాబట్టి రెండు ముక్కలు అతకకున్నా బొమ్మ నిలబడ్డది. సీసా గూడ వాలే ఉంటది. నీ సైజుకు అరంగుళం తేడా చాలు, అది గూడ గుడ్డ కప్పినచోటనే, లేకుంటే పొరపాటనుకుంటరు. సెజాన్ పండ్ల కింద నాణేలు పెట్టి కావల్సినట్టు వంచేటోడని లూయీ ల బై అనే చిత్రకారుడు చెప్పిండు. రూపాయి బిళ్లలతోని నువ్వూ చెయ్యొచ్చు. గుడ్డకు మన దర్రీ (జంపఖానా) పెట్టుర్రి, చాలా బాగుంటది: మందం గాబట్టి మడత పడిపోదు, చారలు ఎటు వంగినయో చూస్తే మడత ఎటు తిరిగిందో తెలుస్తది.

హన్మకొండ కుంచె:
సమజైంది అన్నా. సెజాన్ లెక్క పండు చుట్టు నీలి గీత ఎప్పుడు వెయ్యాలె?

రంగుల డబ్బా:
పల్చటి అల్ట్రామెరైన్‌తోని మొదలే గియ్యి. పట్టీలు పడ్డంక అంచు పోయిన కాడ మాత్రమే మళ్ల తాకించు: నీడ దిక్కు, పండుకు పండు తగిలే కాడ. వెలుగు దిక్కు వదిలెయ్. చుట్టూ ఒకే మందం గీస్తే పండు కత్తిరించి అతికించినట్టు ఉంటది. ఇంకో మాట, జామకాయలే ముందు వెయ్యి. ఈ ఎండకు జల్ది పసుపు తిరుగుతయి, బత్తాయిలు ఆగుతయి.