నెల్లూరు ఎండకు కూలర్ చాలుతుందా, ఏసీ కొనక తప్పదా?

వేదాయపాలెం కోడలు:
నెల్లూరులో రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. మా పైన ఇంకో అంతస్తు లేదు, నేరుగా స్లాబే. మధ్యాహ్నం ఎలాగో గడిచిపోతుంది. పొద్దుగూకాకే పైకప్పు సెగ కక్కడం మొదలుపెడుతుంది. ఫ్యాను వేస్తే ఆ సెగనే మీదికి తోస్తోంది. అత్తగారికి డెబ్బై దాటాయి, బీపీ ఉంది. మా వారు ఏసీ కొందామంటున్నారు. మార్కాపురంలో ఉండే మా తమ్ముడేమో కూలర్ కొనుక్కోండి, ఏసీ బిల్లు మోయలేరు అంటున్నాడు. ఇప్పుడు నెలకు 150 యూనిట్ల దాకా కాలుతోంది. రోహిణి కార్తె రాకముందే తేల్చుకోవాలి. తెలిసినవారు చెప్పండి.

మార్కాపురం పలక:
మీ తమ్ముడు చెప్పిందే సరి. మా వైపు 44 డిగ్రీల ఎండ కాసిన రోజున కూడా కూలర్ పెట్టుకుంటే తెల్లవారుజామున దుప్పటి వెతుక్కుంటాం. పెద్ద కూలర్ కూడా 200 వాట్లకు అటూ ఇటూ తింటుంది, అంతే. ఈ రోజుల్లో ఏసీ అవసరానికి కొనేవాళ్ల కంటే నలుగురిలో గొప్పకు కొనేవాళ్లే ఎక్కువ.

కొత్తపట్నం గాలి:
మార్కాపురం వారికి నమస్కారం. మీ ఊరి వైద్యం మా ఊరి జబ్బుకు పనికిరాదు. సముద్రం పక్కన ఆరేసిన తువ్వాలే ఆరదు, ఇక ఒంటి మీద చెమటేం ఆరుతుంది? ఆ గాలికి కూలర్ ఇంకాస్త తడి కలుపుతుంది. పక్కబట్టలు చెమ్మగిల్లి, చెక్క తలుపులు ఉబ్బి, చివరికి కూలర్‌ను అటకెక్కించిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. ఏసీకి డబ్బు లేకపోతే మంచి ఫ్యాను కొనండి. కూలర్ మాత్రం వద్దు.

ఒంగోలు ఏసీ మెకానిక్:
ఏసీలు బిగించేవాడిని కాబట్టి ఏసీ వైపే మాట్లాడతానని ఎలాగూ అంటారు. అందుకే లెక్క చెబుతాను. నీరు ఆవిరైతేనే కూలర్ గాలి చల్లబడుతుంది. గాలిలో తేమ ముందే ఉంటే నీరు సరిగా ఆవిరి కాదు. 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్నచోట థర్మామీటర్‌కు తడిగుడ్డ చుడితే దాదాపు 23 దగ్గర ఆగుతుంది. మంచి కూలర్ ఆ తేడాలో ముప్పాతిక వంతు దించగలదు. అంటే 27 డిగ్రీల గాలి వస్తుంది, సుఖంగా ఉంటుంది. అదే 36 డిగ్రీలు, 60 శాతం తేమ అయితే తడిగుడ్డ 29 దగ్గరే ఆగిపోతుంది. కూలర్ ఎంత గింజుకున్నా 31 కంటే చల్లటి గాలి రాదు, వచ్చేది కూడా జిడ్డుగా ఉంటుంది. మార్కాపురం అన్నగారిది అబద్ధం కాదు, కొత్తపట్నం వారిదీ అబద్ధం కాదు. ఈ అమ్మగారు ఉన్నది నెల్లూరులో. అక్కడ ఏసీయే.

పెన్నా ఒడ్డు:
లెక్క ఒప్పుకుంటాను, తీర్పు ఒప్పుకోను. నెల్లూరు పట్నం సముద్రపు ఒడ్డున లేదు, పాతిక కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూగా లోపలికి ఉంది. ఇక్కడ ఎండ ముదిరే రోజులంటే పడమటి గాలి తోలే రోజులే. వెలిగొండల మీదుగా దిగే ఆ గాలి పొడిగాలి. అది బలంగా ఉన్నంతసేపూ సముద్రపు గాలిని లోపలికి రానివ్వదు. ఆ మధ్యాహ్నాల్లో పెదవులు పగులుతాయి, కూలర్ భేషుగ్గా పనిచేస్తుంది. సాయంత్రానికి తూర్పు గాలి తిరిగిందంటే ఒళ్లు జిడ్డు పట్టడం మొదలవుతుంది. అప్పుడు కూలర్‌లో నీటి మోటారు కట్టేసి, ఉత్త గాలికి వాడుకోవాలి. చాలామంది తలుపులన్నీ బిగించి కూలర్ వేస్తారు. తడిసిన గాలి బయటికి పోయే దారి లేకపోతే గది ఉడకక ఏమవుతుంది?

అమ్మా, ఎవరి మాటా వినకండి, మీ గదినే అడగండి. గది థర్మామీటర్లు రెండు తెచ్చి, ఒకదాని బుడ్డికి తడిపిన పాత పంచె ముక్క చుట్టండి. రెండింటినీ ఫ్యానుకు ఎదురుగా పెట్టి, పాదరసమో ఎర్ర ద్రవమో కిందికి దిగడం ఆగేదాకా చూడండి. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి. తేడా 12 డిగ్రీలు దాటితే కూలర్ కొనుక్కోవచ్చు. ఆరేడు డిగ్రీలే ఉంటే ఆ డబ్బు దాచుకోండి.

ఒంగోలు ఏసీ మెకానిక్:
పరీక్ష మంచిదే. కానీ ఆవిడ అడిగింది రాత్రి గురించి. రాత్రి తొమ్మిదింటికి నెల్లూరులో ఆ తేడా 12 రాదని ఇప్పుడే రాసిస్తాను. డెబ్బై దాటిన మనిషికి రాత్రి ఒళ్లు చల్లబడకపోతే మర్నాడు ఎండను తట్టుకునే శక్తి ఉండదు. 2015 మే వడగాడ్పులకు మన రాష్ట్రంలో ఎక్కువ ప్రాణాలు పోయిన జిల్లాల్లో ప్రకాశం ఒకటి. ఆ నెల చూసినవాళ్లెవరూ ఏసీని గొప్ప కోసం అనరు.

బిల్లు భయం కూడా లెక్క వేసుకుంటే తగ్గుతుంది. ఒకటిన్నర టన్ను, అయిదు నక్షత్రాల ఇన్వర్టర్ ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే ఆరేడు యూనిట్లు. నెలకు 200 అనుకోండి. మీ 150 కాస్తా 350 అవుతుంది. మన కరెంటు చార్జీల శ్లాబుల ప్రకారం 225 దాకా యూనిట్‌కు 6 రూపాయలు, ఆపైన 400 దాకా 8.75. అంటే పెరిగేది సుమారు 1,550, సర్దుబాటు చార్జీలు అదనం. 18 లో పెట్టి దుప్పటి కప్పుకునేవాళ్లకు ఈ లెక్క వర్తించదు. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు 6 శాతం దాకా మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థే (బీఈఈ) చెబుతుంది. కొత్త ఏసీలు 24 దగ్గర మొదలవ్వాలన్న నిబంధన 2020 జనవరి నుంచి ఉంది. నేనైతే 27 లో పెట్టి పైన ఫ్యాను తిప్పమంటాను.

మార్కాపురం పలక:
నెలకు పదిహేను వందలు అంత తేలిగ్గా చెప్పేశారు! కూలర్‌కు అదే ఎనిమిది గంటలకు 1.6 యూనిట్లు, నెలకు యాభై యూనిట్లు కూడా కావు. పైగా ఏసీ మీ గదిలో వేడిని తీసుకెళ్లి పక్కింటి కిటికీలో పోస్తుంది. కరెంటు పోతే ఇంటి ఇన్వర్టర్ మీద కూలర్ నడుస్తుంది, మీ ఏసీ నడవదు.

కనిగిరి బోరు:
కూలర్ వీరులు నీళ్ల మాట ఎందుకెత్తరు? పొడి ఎండలో పెద్ద కూలర్ గంటకు అయిదారు లీటర్లయినా తాగుతుంది. మా దగ్గర ట్యాంకర్ వచ్చిన రోజే బిందెలు నిండుతాయి. బోరు నీళ్లు పోస్తే ప్యాడ్ల మీద తెల్లటి ఉప్పు పేరుకుని, సీజన్ అయ్యేలోగా గట్టిపడతాయి. తొట్టి కడగకపోతే దోమలు.

ఉదయగిరి మేస్త్రి:
ఇంతసేపూ యంత్రాల గొడవే. ఆవిడ మొదటి మాటే ఎవరూ పట్టించుకోలేదు: పొద్దుగూకాక సెగ కక్కుతోంది అన్నారు. అది గాలి చేసే పని కాదు, స్లాబు చేసే పని. మే నెల మధ్యాహ్నం నల్లబడిన స్లాబు పైభాగం 60 డిగ్రీలకు చేరుతుంది. చెప్పుల్లేకుండా ఒక్క అడుగు వేయండి, తెలుస్తుంది. ఆ వేడి కాంక్రీటులో ఇంకి కిందికి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది. అందుకే మీకు రాత్రి నరకం. ఆ స్లాబు కింద కూలర్ పెట్టినా ఏసీ పెట్టినా సగం ఖర్చు పైకప్పుతో పోట్లాటకే పోతుంది. ముందు సున్నం కొట్టించండి. లోపల రెండు నుంచి అయిదు డిగ్రీల దాకా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 లో చల్లని పైకప్పుల విధానమే తెచ్చింది. మనవాళ్లు మాత్రం వేలు పోసి గోడలకు రంగులేసి, నెత్తిన ఉన్నదాన్ని వదిలేస్తారు.

అద్దెకిచ్చినవాడు:
చెప్పడం సులువు మేస్త్రి గారూ. అద్దెకుండేవాళ్లు పైకెక్కి సున్నం కొడతారు, కార్తీకంలో వానలకు అది కొట్టుకొచ్చి గొట్టాలకు అడ్డం పడుతుంది, పూడిక తీయించేది నేను. ఏటా ఈ ఖర్చు ఎవరు పెట్టాలి?

పెన్నా ఒడ్డు:
ఇల్లు మీది, స్లాబు మీది, ఎండకు పగిలి కారేదీ మీ స్లాబే. సున్నం ఖర్చు మీరే పెట్టుకోవడం న్యాయం. పై అంతస్తు అని అద్దె ఏమైనా తగ్గించారా?

అద్దెకిచ్చినవాడు:
తగ్గించాను. అందుకే పెట్టను.

కొత్తపట్నం గాలి:
సున్నంతో వేడి తగ్గుతుంది, జిడ్డు తగ్గదు. అది నా అభ్యంతరం. తేమను గాలిలోంచి లాగి బయట పోసేది ఏసీ ఒక్కటే.

వేదాయపాలెం కోడలు:
అందరికీ ధన్యవాదాలు. పెన్నా ఒడ్డు గారు చెప్పినట్టు తడిగుడ్డ పరీక్ష చేశాను. మధ్యాహ్నం తేడా 13, రాత్రి 6. మెకానిక్ గారి మాటే నిజమైంది. మా ఇంటి యజమానితో మాట్లాడాను. సున్నం ఆయన తెప్పిస్తారట, కూలి మేము ఇచ్చుకోవాలి. ఏసీ అత్తగారి గదికి మాత్రమే, అదీ సున్నం కొట్టాక ఎంత తగ్గిందో చూసి. గది చిన్నది, ఒక టన్ను చాలుతుందేమో. హాలుకు పాత ఫ్యాను తీసేసి బీఎల్‌డీసీ ఫ్యాను పెడుతున్నాం, 75 వాట్ల చోట 30 వాట్లు. మా తమ్ముడికి కోపం వచ్చింది, అది వేరే సంగతి. మేస్త్రి గారూ, సున్నం ఎలా కొట్టించాలో చెప్పండి.

ఉదయగిరి మేస్త్రి:
ముందు స్లాబు మీద దుమ్ము, నాచు గట్టి చీపురుతో గీకి కడిగించండి. పగుళ్లుంటే పూడ్పించాకే సున్నం. రాతి సున్నం నానబెట్టి, గుడ్డలో వడగట్టి, జిగురు కలపాలి. జిగురు లేకపోతే మొదటి వానకే పోతుంది. ఎండ చల్లబడ్డాక స్లాబు తడిపి మొదటి పూత, అది ఆరాక మర్నాడు అడ్డంగా రెండో పూత. నీరు పోయే గొట్టం నోటికి గుడ్డ కుక్కి, పని అయ్యాక మరవకుండా తీసేయండి. కూలివాళ్లను మధ్యాహ్నం పైకెక్కించకండి, తెల్లటి పూత మీద ఎండ కళ్లలో కొడుతుంది. గది కొలతలు రాయండి, టన్ను సంగతి మెకానిక్ గారు చెబుతారు.

ఒంగోలు ఏసీ మెకానిక్:
పొడవు, వెడల్పు రాయండి. పడమటి గోడకు కిటికీ ఉందో లేదో కూడా.