కెమెరా ట్రాప్‌ల వాడేసిన బ్యాటరీలను ఎవరికి అప్పగించాలి?

నల్లమల అంచున పులులు, ఎలుగుబంట్ల కదలికలను నమోదు చేయడానికి అనుమతితో అమర్చిన 40 కెమెరా ట్రాప్‌ల నుంచి తీసిన 640 ఏఏ ఆల్కలైన్ బ్యాటరీలు, పాడైపోయిన 6 కెమెరాలు మా బృందం దగ్గర ఉండిపోయాయి. ఒక్కో కెమెరాకు 8 చొప్పున రెండు విడతలుగా మార్చినవి ఇవి. బ్యాటరీల బరువే దాదాపు 15 కిలోలు. ఆగస్టు నుంచి ప్లాస్టిక్ డబ్బాలో మూతపెట్టి ఉంచాం, కానీ కొన్నింటి కొనల దగ్గర క్షారం కారి తెల్లటి పొడిలా గడ్డకడుతోంది.

పాత ఇనుము వ్యాపారి కెమెరాలు మాత్రం తీసుకుంటానన్నారు గానీ, లోపలి తీగలను రాగి కోసం కాలుస్తామని చెప్పడంతో, అడవిని కాపాడడానికి వాడిన వస్తువును అడవి పక్కనే తగలబెట్టించడానికి మనసొప్పలేదు. ఒక ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రం కెమెరాలకు ఒప్పుకుని, బ్యాటరీలు తమ పరిధిలోకి రావంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాటిని వెనక్కి సేకరించే బాధ్యత ఉత్పత్తిదారుదే కనుక తయారీ సంస్థకు రెండుసార్లు రాశాం, జవాబు రాలేదు.

మార్కాపురం నుంచి హైదరాబాద్‌కు గానీ విజయవాడకు గానీ మేమే తెచ్చి ఇవ్వగలం. ఇంత తక్కువ పరిమాణంలోనైనా ఆల్కలైన్ బ్యాటరీలను తీసుకుని రసీదు ఇచ్చే నమోదిత రీసైక్లర్ ఎవరైనా మీకు స్వయంగా తెలుసా?