స్వాబ్‌లో వైరస్ దొరికింది, ఇక యాంటీబయాటిక్ ఎందుకు?

పెద్దకూతురు:
నాన్నగారికి లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్). నాలుగో కీమో అయిన పది రోజులకు జ్వరం, ఆయాసం. సీటీలో రెండువైపులా మసక మచ్చలు. ముక్కు స్వాబ్ పీసీఆర్‌లో ఆర్‌ఎస్‌వీ (జలుబు, న్యుమోనియా తెచ్చే వైరస్) పాజిటివ్. అయినా ఐవీ యాంటీబయాటిక్ ఆపట్లేదు. వైరస్‌కి అది పనిచేయదు కదండీ?

మైక్రోల్యాబ్:
సరైన ప్రశ్న. మా దగ్గర అన్నిటికంటే ఎక్కువగా వాడే మందు పేరు 'ఎందుకైనా మంచిది'. దాని ఫలితం విరేచనాలు, కిడ్నీల మీద భారం, తర్వాత ఏ మందుకీ లొంగని బ్యాక్టీరియా. కారణం దొరికాక ఆపాలి.

నైట్‌డ్యూటీ:
కారణం దొరికిందని ఎవరన్నారు? స్వాబ్ చెప్పేది ముక్కు సంగతి. కీమో తీసుకునేవాళ్లలో వైరస్ వారాల తరబడి పోదు, ఈ పాజిటివ్ పాత జలుబుదీ కావచ్చు. పైగా ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఫ్లూ తగ్గుతోందనుకునేసరికి న్యూమోకాకస్, స్టాఫ్ లాంటి బ్యాక్టీరియా, ఒక్కోసారి ఆస్పర్జిల్లస్ ఫంగస్. న్యూట్రోఫిల్స్ (బ్యాక్టీరియాతో పోరాడే తెల్లరక్తకణాలు) 500 లోపుండి జ్వరం వస్తే గంటలోపు యాంటీబయాటిక్ పడాల్సిందే, రిపోర్టు కోసం కూర్చోం.

మైక్రోల్యాబ్:
మొదలుపెట్టొద్దని నేననలేదు, ఆపడం గురించి చెప్తున్నా. అంత అనుమానముంటే బ్రాంకోస్కోపీ చేసి, అంటే శ్వాసనాళంలోకి కెమెరా ట్యూబు దించి, ఊపిరితిత్తి కడిగిన నీళ్లు పంపండి.

నైట్‌డ్యూటీ:
ప్లేట్‌లెట్లు పడిపోయి ఆక్సిజన్ మీదున్న మనిషికి ట్యూబు దించడం ల్యాబ్‌లో కూర్చుని చెప్పినంత తేలిక కాదు.

పెద్దకూతురు:
న్యూట్రోఫిల్స్ 1400కి వచ్చాయి. మూడు రోజులైంది, బ్లడ్ కల్చర్‌లో ఏమీ పెరగలేదట. నిన్నటి నుంచి జ్వరం లేదు.

నైట్‌డ్యూటీ:
ఈ మాట ముందే చెప్పాల్సిందమ్మా! అలాగైతే ఆపడం గురించి మీ డాక్టర్‌ని అడగండి, అడగడంలో తప్పు లేదు. లింఫోసైట్లు (వైరస్‌తో పోరాడే తెల్లరక్తకణాలు) ఎంత? 200 లోపుంటే మాత్రం ఈ వైరస్‌తో ఇంకా జాగ్రత్త.

పెద్దకూతురు:
180. మరి వైరస్‌కే మందు లేదా?

మైక్రోల్యాబ్:
ఫ్లూ అయితే ఓసెల్టమివిర్ ఉంది. ఇలాంటి రోగులకు 48 గంటలు దాటినా ఇస్తారు. ఆర్‌ఎస్‌వీకి కొందరు రిబావిరిన్ వాడతారు, కానీ గట్టి ట్రయల్ రుజువు లేదు.

నైట్‌డ్యూటీ:
రుజువు లేదని చేతులు కట్టుకుని కూర్చోలేం కదా, ముఖ్యంగా ఎముకమజ్జ మార్పిడి అయినవాళ్లలో.

మైక్రోల్యాబ్:
పొద్దున్న నా మీద 'ఎందుకైనా మంచిది' గెలిచింది, రాత్రికి మళ్లీ వచ్చింది. ఒక్కటి అడగడం మర్చిపోయా: ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) ఏమైనా ఇచ్చారా? ఆ మందు తెచ్చే న్యుమోనైటిస్ (ఊపిరితిత్తుల వాపు) కూడా సీటీలో ఇలాగే కనిపిస్తుంది. దానికి ఇచ్చేది రోగనిరోధక శక్తిని తగ్గించే స్టెరాయిడ్, వైరస్ ఉన్నచోట అదే చిక్కు.

పెద్దకూతురు:
ఫైల్‌లో చూసి చెప్తానండీ.